మీ నాయన బండెక్కినాడు

దయ్యాలున్నాయని ఎవరైనా చెబితే లేచి వెళ్లిపోయే రకం నేను. మెకానికల్ డిప్లొమా చదివాను. ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు చూస్తాను. మిషన్ ఆగితే దానికి కారణం ఉంటుంది, తిరిగితే దానికీ ఉంటుంది. అది దొరికేదాకా విప్పుతూ పోవడమే నా ఉద్యోగం. ఇదీ అదే పద్ధతిలో రాస్తున్నాను. కళ్లతో చూసినవి వేరుగా, ఒకరు చెప్పగా విన్నవి వేరుగా.

మాది బేస్తవారిపేట దగ్గర పల్లె. నాయన మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో కోత మిషన్ మీద పనిచేసేవాడు. నేను ఏడో తరగతిలో ఉండగా ఆ మిషన్ దగ్గరే చనిపోయాడు. ఆపిన మిషన్ లోపల చెయ్యి పెట్టి పలక పెచ్చులు తీస్తుంటే అది ఉన్నట్టుండి తిరిగింది. చొక్కా బెల్టులో చిక్కుకుంది. ఓనరు ఊరందరికీ చెప్పిన మాట ఒకటే: తాగి వచ్చినాడు, స్విచ్చి తనే వేసుకున్నాడు, చెయ్యి తనే పెట్టినాడు.

మాది చర్చికి పోయే కుటుంబం. నాయన కల్లు కూడా ముట్టి ఎరగడు. అయినా ఆ మాట శవం కంటే ముందే పల్లెకు చేరింది. సమాధి దగ్గర ప్రార్థన తొందరగా ముగించేశారు. పక్కింటివాళ్లు మమ్మల్ని చూసి జాలిపడ్డారు గానీ, ఆ మాట అబద్ధమని ఒక్కరూ అనలేదు. అమ్మ నష్టపరిహారం గురించి ఏనాడూ మాట్లాడలేదు. "ఏ నోటితో అన్నాడో ఆ నోటితోనే కాదని చెప్పాల" అనేది. ఆమెకు కావాల్సింది అదొక్కటే. నాకు అంతకంటే ఎక్కువే కావాలనిపించేది.

తరవాత ఓనరు ఫ్యాక్టరీ మూసేసి, మిషన్లు అమ్మేసి, మార్కాపురంలోనే మేడ కట్టుకున్నాడు.

నిరుడు ఆన్‌లైన్ వేలంలో మా ఫ్యాక్టరీ కోసం పాత సామాన్లు చూస్తూ ఒక ఫోటో దగ్గర ఆగిపోయాను. హైదరాబాదు శివారులో ఒక గోదాము. అందులో పలకల కోత మిషన్. మోటారు లేదు, బెల్టు లేదు, ఉన్నది ఉన్నట్టుగా తీసుకుపోవాలి అని రాసి ఉంది. పలక పెట్టే బెడ్ ఎడమ మూల పగులు మీద ఒక వెల్డింగు గీత ఉంది, చీమల బారులా ఒక పక్కకు వాలి. అది నాయన వేసిన వెల్డింగు. సెలవుల్లో బస్సెక్కి ఆయనకు అన్నం తీసుకుపోయిన ప్రతిసారీ దాన్ని వేలితో తడిమేవాణ్ణి. అదే మిషన్ అని చెప్పడానికి నాకు వేరే ఆధారం అక్కర్లేదు.

కొన్నాను. వాడుకోవడానికి కాదు. మా వాకిట్లో పెట్టి గ్యాస్ కట్టరుతో ముక్కలు చేయడానికి. అమ్మకు ఫోన్లో చెప్పాను. "కోసే ముందర నాక్కూడా ఒక సమ్మెట దెబ్బ ఉంచు" అంది.

కొనడం తేలికైపోయింది. తెచ్చుకోవడమే తల ప్రాణం తోకకు తెచ్చింది. అంతా పోత ఇనుము. పార్సిల్ ఆఫీసుల వాళ్లు ఫోటో చూసే వద్దన్నారు. లారీ మాట్లాడితే బాడుగ మిషన్ ధరను మించిపోతోంది. వేరే సరుకుతో కలిపి పంపిస్తే దారిలో ఎన్నిచోట్ల దించి ఎక్కిస్తారో, ఏ ముక్క ఎక్కడ విరుగుతుందో తెలియదు. చివరికి మావైపు వాళ్లు చేసే పనే చేశాను. మా దగ్గర్నుంచి హైదరాబాదుకు పొట్టేళ్ల బండ్లు పోతుంటాయి. తిరుగు ప్రయాణంలో ఖాళీగా రాకుండా ఏది దొరికితే అది వేసుకుని డీజిలు ఖర్చు రాబట్టుకుంటారు. జీవాల బేరగాడొకాయన ఖాసిం మామ నంబరు ఇచ్చాడు. ఆయన్ని నేను అంతకుముందు చూడలేదు. ఆయనకు మా ఇంట్లో ఎవరూ తెలియదు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

"పెంటికల వాసన వస్తాది అల్లుడూ, మళ్ల ఏమనుకోవద్దు" అన్నాడు.

"మిషన్‌కు ముక్కు లేదులే మామా."

"అది సరే, సరుకుతో పాటు మీ మనిషెవరు వస్తాన్నారు?"

మావైపు సరుకు ఒంటిగా రాదు. సరుకు కొన్నవాళ్ల మనిషి ఒకరు బండెక్కుతారు. ఆ మనిషి వేలు పెట్టి చూపించిన చోటే దించుతారు. ఎవరూ రారు, లొకేషన్ పంపిస్తాను అంటే ఖాసిం మామకు నచ్చలేదు. "ఫోన్ను నమ్ముకొని పోతే ఎవని చేలోనో తేల్తాం" అని గొణిగాడు.

నేను సెలవు పెట్టి ముందే ఊరికి వచ్చాను. కంభం నుంచి గ్యాస్ కట్టరు తెప్పించాను. దించడానికి క్రేను మాట్లాడాను. బండి రావాల్సిన రోజు పొద్దున్నే దోర్నాల నుంచి ఫోన్ వచ్చింది. దానికి ముందు అడవిలో సిగ్నల్ ఉండదు.

"మనిషి లేడంటివి, మీ నాయన బండెక్కినాడు కదా" అన్నాడు ఖాసిం మామ. "గోదాము కాడ్నే ఎక్కినాడు."

ఇక్కడ నేను పొరబడ్డాను. మావైపు బయటివాళ్లు చిన్నాయననైనా, పెదనాయననైనా 'మీ నాయన' అనేస్తారు. మా చిన్నాయన హైదరాబాదులో మేస్త్రీ పని చేస్తాడు. అమ్మ చెబితే ఆయన ఎక్కి ఉంటాడనుకున్నాను. మంచిదే అయిందనుకుని ఫోన్ పెట్టేశాను.

ఎండ ఎక్కాక మళ్లీ ఫోన్. "దించేసినాం అల్లుడూ. మీ నాయన దగ్గరుండి చూపించినాడు. నలుగురు హమాలీలను పిల్చుకొచ్చినా, దుంగలేసి దొర్లించి గీత పడకుండా దించినాం."

మా వాకిట్లో కోళ్లు తప్ప ఏమీ లేవు. ఎక్కడ దించావని అడిగాను.

"మార్కాపురంలో. పచ్చ గేటు మేడ. ఇల్లు బాగానే కట్టుకున్నారే."

ఆయనకు ఫోన్ ఇవ్వమన్నాను. "ఇప్పటిదాకా ఈడ్నే ఉండినాడు" అని వెతుక్కున్నాడు.

చిన్నాయనకు ఫోన్ చేశాను. వెనక కాంక్రీటు మిక్సరు చప్పుడు. హైదరాబాదులో పనిలో ఉన్నాడు. మిషన్ కొన్న సంగతే ఆయనకు తెలియదు.

అమ్మకు చెప్పాను. "పచ్చ గేటా" అని మాత్రం అంది. చెప్పులేసుకుని బైకు ఎక్కింది.

మేము చేరేసరికి సందులో జనం మూగి ఉన్నారు. మిషన్ ఓనరు గేటుకు అడ్డంగా ఉంది. కారు లోపలే చిక్కుబడిపోయింది. ఖాసిం మామ, హమాలీలు దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డారు. మనుషులు అంతమంది ఉన్నా మాటల్లేవు. కారణం దగ్గరికి పోయాక తెలిసింది. మిషన్ బ్లేడు తిరుగుతోంది.

వేగంగా కాదు. మోటారు ఆపేశాక ఆగబోయే ముందు తిరిగినట్టు, నిదానంగా. కానీ ఆగడం లేదు. మోటారు ఉండాల్సిన చోట బోల్టు రంధ్రాలే ఉన్నాయి. బెల్టు లేదు. గాలి లేదు.

ఓనరు గేటు లోపల ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. బాగా ముసలివాడయ్యాడు. ఆయన బ్లేడును చూడడం లేదు. దాని వెనక, కోతమనిషి నిలబడే చోటు చూస్తున్నాడు. నాకు అక్కడ ఎవరూ కనిపించలేదు.

"నేనే వేసినా స్విచ్చి" అన్నాడు ఆ ఖాళీ చోటుతో. "నువ్వు లోపల చెయ్యి పెట్టినావని చూసుకోలా. లోడు పోవాలని తొందరపడినా. తాగినావని నేనే పుట్టించినా. పో నాయనా, ఇంక పో."

అమ్మ గేటు దగ్గరికి వెళ్లింది. ఆమె గొంతు పెంచలేదు.

"సందు చివరిదాకా వినపడలా అన్నా. ఇంకొకసారి చెప్పు."

చెప్పాడు. వెనకనున్నోళ్లకు వినపడలేదంది. మళ్లీ చెప్పాడు. ఆయన గొంతు పూర్తిగా పోయేదాకా చెప్పించింది. నేను ఆపలేదు. నిజం చెప్పాలంటే ఆపాలని అనిపించలేదు. బ్లేడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

జనం పోయాక నా పని నేను చేశాను. చేత్తో బ్లేడు తిప్పబోతే కదలలేదు. పైపు వేసి బలంగా నెట్టినా కదలలేదు. బేరింగుల్లో షాఫ్టు తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. నేల వాలు ఉందేమోనని బిందెడు నీళ్లు పోసి చూశాను. నీళ్లు పోసిన చోటే నిలబడ్డాయి.

ఖాసిం మామకు ఫోన్లో నాయన ఫోటో చూపించాను. "ఈయనే. చొక్కా వేరే" అన్నాడు. ఏం మాట్లాడినాడని అడిగాను. "ముందర కూర్చో అన్నా వినలా, మిషన్ పక్కన్నే కూర్చున్నాడు. మా ఇంజనీరు బండి చవగ్గా మాట్లాడినాడే అని నవ్వినాడు." నాయన నన్ను ఇంజనీరు అనేవాడు, రేడియో విప్పి పాడుచేసిన రోజు నుంచి. ఆయన పోయాక ఆ పేరుతో నన్నెవరూ పిలవలేదు. ఫోటోలో మనిషి ఎప్పుడో చనిపోయాడని చెప్పాను. ఖాసిం మామ బండెక్కి వెళ్లిపోయాడు. తరవాత నా ఫోన్ ఎత్తలేదు.

హమాలీలను విడివిడిగా అడిగాను. బండిలో ఒకాయన కూర్చుని ఉండడం చూశామన్నారు. దిగడం మాత్రం ఎవరూ చూడలేదు. గోదాము వాళ్లెవరో పరాచికం ఆడారనుకుందామంటే వాళ్లకు ఓనరు ఇల్లు తెలిసే దారి లేదు. పేరు, ఫోన్ నంబరు తప్ప నా గురించే వాళ్లకు ఏమీ తెలియదు. నాకు తోచినవన్నీ ఇలా ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాను. ఏదీ మిగల్లేదు.

మిషన్ ఇంకా అక్కడే ఉంది. ఓనరు కారు బయటికి తీసుకోవడానికి వెనక గోడ పగలగొట్టించాడు. తీయించేద్దామంటే మార్కాపురం హమాలీలు ఎవరూ చెయ్యి వేయడం లేదట. మొన్న మనిషితో కబురు పంపాడు. లారీ, క్రేను అంతా తనే చూసుకుంటాడట, మా వాకిట్లో దించి పోతాడట, మేము సరేనంటే చాలట.

నేను అమ్మ వైపు చూశాను. ఆమె చాటలో కందులు చెరుగుతోంది. తల ఎత్తకుండానే కబురు తెచ్చిన మనిషికి జవాబు చెప్పింది.

"సరుకు మనిషి చూపించిన చోటే దించినారు నాయనా. తియ్యమని చెప్పడానికి మేమెవరం?"