బుగ్గ తట్టే సైగ

మా ఆయన బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి. బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె పోనివ్వరు కాబట్టి అందరూ తంబాకు దవడన పెట్టుకునేవాళ్లు. మిషన్ల మోతలో మాట వినపడదు. తంబాకు కావాలంటే వేలితో బుగ్గ తట్టి చూపాల్సిందే.

రిటైరైన కొన్నేళ్లకు ఆయనకు మతిమరుపు జబ్బు వచ్చింది. ముందు పేర్లు పోయాయి, తర్వాత మాటలు. అయినా నెమ్మదిగానే ఉండేవాడు. ఒక ఎండాకాలం నుంచి మాత్రం కొట్టడం మొదలుపెట్టాడు. ముద్ద పెడితే ఉమ్మేసి నా చెయ్యి విసిరికొట్టేవాడు. మాటిమాటికీ బుగ్గ తట్టుకునేవాడు.

నా కొడుకుదీ బాయి పనే. "నాయినకు తంబాకు యాదికొచ్చిందే అవ్వా" అని నవ్వుతూ చిటికెడు తీసి తండ్రి దవడన పెట్టేవాడు. మరుక్షణం గుద్దు తినేవాడు.

దవాఖానలో డాక్టరు ఆయన్ని ముట్టుకోనైనా లేదు. కొడుతున్నాడని చెప్పగానే నిద్రగోలీలు రాశాడు. అవి మింగితే మనిషికి సోయి ఉండేది కాదు. తిండి లేక ఎండిపోయాడు, లేస్తే తూలిపడేవాడు. ఇట్లా అయితే ప్రాణం పోతుందని మళ్లీ పోయి చెబితే, ఈ జబ్బు ఇంతేనని గోలీ పెంచాడు.

గోలీల డబ్బా పక్కన పెట్టి ఆయన ఎదురుగా కూర్చున్నాను. బతుకంతా తంబాకు పెట్టింది ఎడమ దవడన. ఇప్పుడు తట్టుకుంటున్నది కుడి బుగ్గ. బతిమాలి నోరు తెరిపించి బ్యాటరీ లైటు వేశాను. పుచ్చిన పన్ను కింద చిగురు వాచి చీము పట్టి ఉంది. ఆ పుండు మీదనే నా కొడుకు రోజూ తంబాకు అద్దాడు.

కొడుకును పిలిచి చూపించాను.

"ఆయనకు మాటలు లెవ్వు. నీకు కండ్లు లెవ్వా?"

వాడు ఆ పూటే తండ్రిని పండ్ల దవాఖానకు తీసుకుపోయాడు.

పండ్ల డాక్టరమ్మ పన్ను పీకి, నొప్పికి మందు ఇచ్చింది. నిద్రగోలీలు ఒక్కసారే ఆపొద్దని, మెల్లగా తగ్గించే తీరు చెప్పింది. ఆయన మళ్లీ ముద్ద మింగాడు. నేనెవరో ఆయనకు తెలియదు, కానీ నా చెయ్యి కొట్టడం లేదు. జబ్బు ఇంతేనన్న ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పుండు మానిన తర్వాత ఒకనాడు ఆయన మళ్లీ బుగ్గ తట్టాడు. అలవాటుగా కొడుకు చెయ్యి జేబులోకి పోయింది.

"ముందుగాల నోరు చూడు" అన్నాను.

వాడు తండ్రి గదవ పట్టుకుని నోరు తెరిపించి లోపలంతా చూశాడు.

"ఏం లేదే అవ్వా. ఎడమ దిక్కే తట్టిండు."

"అయితే పెట్టు. కొంచమే."