చెప్పకూడని వాళ్ళ గడి

మామిడి సొన వాసన తగిలితే నేను మాట్లాడుతున్న మాట మర్చిపోతాను. నిన్న మధ్యాహ్నమూ అదే అయింది. విజయవాడ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆయన నా టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచి, ముగ్గురు లాయర్లున్న మా నూజివీడు ఆఫీసు ఇప్పుడున్నదాని బదులు తన ప్రోగ్రాంతో ఎలా మారిపోతుందో గంట నుంచి చెబుతున్నాడు. కేసులన్నీ ఒక్కచోట, వాయిదాలన్నీ ఒక్కచోట, క్లయింట్లకి మెసేజీలు వాటంతటవే వెళ్ళిపోతాయట. ఇంతలో ముసునూరు నుంచి ఒక పెద్దాయన అల్లుణ్ణి వెంటబెట్టుకుని కొత్త కేసు విషయం మాట్లాడడానికి వచ్చాడు. తోటలో కాయ కోయించి అటు నుంచి అటే వచ్చినట్టున్నాడు, చేతులనిండా సొన వాసన. కంపెనీ ఆయన సంబరపడి, ఈయన వివరాలే ఎక్కించి చూపిస్తానన్నాడు. నేను ఓ క్షణం తడబడి, ఇందులో చెప్పకూడని వాళ్ళ గడి ఎక్కడుందని అడిగాను. ఆయన నావంక అదోలా చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట ఇదే ప్రశ్న అడిగిన మనిషి వంక నేనూ అలాగే చూశాను.

ఆ మనిషి పేరయ్యగారు, మా ఆఫీసు గుమస్తా. మా సీనియర్ దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి, ఆయన పోయాక బీరువాలతో పాటు నాకు సంక్రమించారు. రోజూ బాపులపాడు నుంచి బస్సులో వచ్చేవారు. చంకలో గొడుగు, చెవిమీద పెన్సిలు. కొత్త క్లయింటు ఎవరొచ్చినా నేను అడగాల్సినవన్నీ అడిగి, వకాల్తా మీద సంతకం తీసుకున్నాక, ఇక లేవచ్చు అనుకునే సమయానికి ఆయన స్టూలు లాక్కుని కూర్చునేవారు. ఆయనవి రెండే ప్రశ్నలు. నీకు కబురు ఎవరితో చెబితే చేరుతుంది? ఎవరి చెవిన పడకూడదు? మొదటిదానికి నిమిషం చాలు. రెండోదానికి అరగంట. క్లయింటు నేలచూపులు చూసేవాడు, గోడ చూసేవాడు, మావాళ్ళలో అలాంటివాళ్ళు లేరండీ అనేవాడు. పేరయ్యగారు ఊరుకునేవారు. ఊరుకోవడంలో ఆయన్ని మించినవాళ్ళని నేను చూడలేదు. కాసేపటికి తమ్ముడి పేరు బయటికొచ్చేది, ఆ తర్వాత తమ్ముడి భార్య, ఆవిడకి ఎరువుల కొట్టాయనతో ఉన్న చుట్టరికం, అలా ఊరంతా మా గదిలోకి దిగేది. అవతల కోర్టులో నా కేసు పిలిచే వేళవుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఇంతా విని ఆయన కేసుకట్ట అట్ట లోపల పెన్సిలుతో రెండు వరసలు రాసేవారు. పైన ‘చేర్చు’, కింద ‘వద్దు’. పెన్సిలెందుకు, అంత ముఖ్యమైతే పెన్నుతోనే రాయొచ్చుగా అని ఓసారి విసుక్కున్నాను. “మనుషులు మారతారమ్మా. ఇవాళ కొట్టుకున్నవాళ్ళు రేపు కలుస్తారు. కిందవాళ్ళని పైకి ఎక్కించుకోవద్దూ?” అన్నారు.

అదొక్కటే అయితే భరించేదాన్నేమో. కట్టలన్నీ ఆయన ఊళ్ళవారీగా సర్దారు. రెడ్డిగూడెం కట్టలు ఒక అరలో, ముసునూరువి ఇంకో అరలో. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఊరు మారి కాపురం వెళ్ళిన ఆడపిల్ల కేసు పుట్టింటి అరలో ఉంటుందా అత్తింటి అరలో ఉంటుందా అన్నది ఆయనకే తెలుసు. గొడవ ఎక్కడ మొదలైందో అక్కడుంటుందట. ఆయన కంటి ఆపరేషనుకి వెళ్ళిన పదిరోజులూ నా తల ప్రాణం తోకకొచ్చింది. జడ్జిగారి ముందు వాయిదా అడుగుతూ, మా గుమస్తాగారికి కట్టు విప్పాక కాగితాలు దొరుకుతాయని చెప్పలేక నేను పడ్డ అవస్థ మీకేం చెప్పను. ఆ వారమే నిశ్చయించుకున్నాను, సాఫ్ట్‌వేర్ కొనాల్సిందేనని.

కొనడం అంత సులువా? ముగ్గురు కంపెనీవాళ్ళు వచ్చారు. ముగ్గురినీ పేరయ్యగారు మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, గంటసేపు చెప్పిందంతా విని, చివర్లో ఒకటే అడిగారు. “కబురు వెళ్ళేవాళ్ళకి గడి ఉంది, బావుందండీ. వెళ్ళకూడనివాళ్ళకి గడి ఏదండీ?” మొదటాయన నవ్వాడు. రెండో ఆయన, రిమార్కులని ఒక గడి ఉంది, అందులో ఏమైనా రాసుకోవచ్చన్నాడు. అందులో రాస్తే మెసేజీ ఆగుతుందా అని పేరయ్యగారు అడిగారు. ఆగదట. మూడో ఆయన, పై ఆఫీసులో అడిగి చెబుతానని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఇలా ఏడాది గడిచింది. లోకంలో ఎవరికీ అక్కర్లేని గడి మీకే ఎందుకండీ, హైదరాబాదులో పెద్దపెద్ద ఆఫీసులు ఇవే వాడుతున్నాయి కదా అని నేను గయ్యిమన్నాను. ఆయన పెన్సిలు చెవిమీద పెట్టుకుని, “అక్కడ మనిషిమనిషికీ వేరే ఫోనుంటుందేమోనమ్మా” అన్నారు. మొండిమనిషి అనుకుని, మర్నాడే ఆ రెండో కంపెనీకి సరేనన్నాను.

పాత కేసులన్నీ నేనే కూర్చుని ఎక్కించాను. పేరయ్యగారు కట్టలు విప్పి ఇవ్వడం, నేను టైపు చేయడం. అలా రెడ్డిగూడెం నాగమణి కట్ట వచ్చింది. నాగమణి తోటల్లో కూలికెళ్ళే మనిషి. భర్త పోయాడు. అతని వాటాకి రావాల్సిన ఇరవైరెండు మామిడిచెట్లున్న చెక్కని బావగారు ఇవ్వనంటే మా దగ్గరికి వచ్చింది. వివరాలు ఎక్కిస్తుంటే మొబైల్ నంబరు గడి దగ్గర ప్రోగ్రాం ఆగిపోయింది. పక్కన ఎర్ర నక్షత్రం. అది నింపకపోతే తర్వాతి పేజీకి పోనివ్వదు. నాగమణికి ఫోను లేదు. ‘చేర్చు’ వరసలో, కోర్టు ఎదురుగా పూలమ్మే సుబ్బమ్మ అని ఉంది, ఆవిడదీ రెడ్డిగూడెమే. సుబ్బమ్మకీ ఫోను లేదు. కట్ట మొత్తం మీద పది అంకెలున్నది ఒక్కటే, ‘వద్దు’ వరసలో. అది ఆ ఇంటికంతా ఉన్న ఒకే ఫోను, బావగారిది. పేరయ్యగారు ఇంకో కట్ట కోసం బీరువా దగ్గరున్నారు. పిలిచి అడిగితే మళ్ళీ అరగంట ఉపన్యాసం. తర్వాత మార్చుకోవచ్చులే అనుకుని ఆ అంకెలే కొట్టి ముందుకెళ్ళాను. తెలియక చేశానని చెప్పుకుంటే ఎంత బావుండును. నేను ‘వద్దు’ అన్న మాట చదివే కొట్టాను.

తర్వాత మార్చనూ లేదు, గుర్తూ లేదు, మధ్యలో ఆ కేసుకి వాయిదా కూడా రాలేదు. నాలుగు నెలలకి, చెట్లకి పిందెలు ముదిరే వేళ, నాగమణి పరుగున వచ్చింది. బావగారు స్థలం చదును చేసి ప్లాట్లు వేస్తాడట, వచ్చే వారానికి రంపం మిషను మాట్లాడాడని కూలీలు చెప్పుకుంటున్నారట. అవతలివాళ్ళకి నోటీసు వెళ్ళేలోపే చెట్లు కొట్టకుండా ఇంజంక్షన్ తెచ్చుకోవాలి. మర్నాడు పొద్దున్నే పిటిషను వేద్దామని సిద్ధం చేశాను. పేరయ్యగారు సాయంత్రం పూల సుబ్బమ్మతో, నాగమణిని పదింటికల్లా రమ్మనమని చెప్పి వచ్చారు. కబురు చక్కగా చేరింది కూడా. నేను కంప్యూటర్లో మర్నాటి వాయిదా, పిటిషను దేనికోసమో ఎక్కించి, సేవ్ నొక్కి ఇంటికెళ్ళాను. మెసేజీ దానంతటదే వెళ్ళిపోయింది. నాగమణిగారూ, చెట్లు నరకకుండా ఇంజంక్షన్ పిటిషను రేపు కోర్టు ముందుకు వస్తుంది, హాజరుకండి అని, బావగారికి.

తెల్లారేసరికి మిషను తోటలో ఉంది. నాగమణి పదింటికి వచ్చినప్పుడు మోచేతులదాకా సొన. అడ్డుపడితే బావగారు ఫోను చూపించి నవ్వాడట, నీ లాయరే చెప్పిందిగా అని. “మా బావగారికి ఎవరు చెప్పారమ్మా?” అని అడిగింది నన్ను. నేను పిటిషను మీద వేలిముద్ర వేయమన్నాను. అంతే అన్నాను. భోజనం వేళకి ముందే ఆర్డరు వచ్చింది. కాపీ పట్టుకుని పేరయ్యగారు ఆటోలో రెడ్డిగూడెం వెళ్ళి మిషను ఆపించారు. అప్పటికి పదమూడు చెట్లు పడిపోయాయి. తొమ్మిది నిలబడ్డాయి.

మధ్యాహ్నం ఆయన తిరిగివచ్చి, కట్ట అట్ట తెరిచి ‘వద్దు’ కింద ఉన్న అంకెలు చూశారు. నా కంప్యూటర్లో ఉన్న అంకెలు చూశారు. నేను ఏదో మొదలుపెట్టాను, ఎర్ర నక్షత్రం గురించి. చేయెత్తి ఆపారు. “ముప్పై ఏళ్ళుగా అందరి కబుర్లూ నేనే చేరవేశానమ్మా. ఇది మాత్రం మీరే వెళ్ళి చెప్పాలి.” నాకు కోపం వచ్చింది, నిజం. ఆవిడకి తెలియదుగా, చెప్పకపోతే ఏమవుతుంది అనుకున్నాను. ఆయన గొడుగు తీసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు, నేను లేచేదాకా.

నాగమణి పడిన కొమ్మల మధ్య కూర్చుని పచ్చికాయలు ఏరుతోంది. నిలబడే చెప్పాను, ఆ నంబరు నేనే ఎక్కించానని, తెలిసే ఎక్కించానని. ఆవిడ తిట్టలేదు. తిడితే బావుండునని ఎంత అనుకున్నానో. “కంప్యూటరుకి తెలీదు, సరేనమ్మా. పేరయ్యగారికి తెలుసుగా. పక్కనే ఉన్నారుగా, ఒక్క మాట అడగలేకపోయారా?” అంది. ఆవిడ మళ్ళీ కాయలు ఏరడంలో పడింది. నేనూ వంగి ఏరాను. ఆ సొన నా చేతుల్ని వారం దాకా వదల్లేదు.

కేసు గెలిచాం. ఆ చెక్క నాగమణిదే అయింది. ఆ తొమ్మిది చెట్ల కాయ ఏటా పేరయ్యగారింటికి ఒక బుట్ట వెళుతుంది. ఆయన పోయి రెండేళ్ళయినా వాళ్ళావిడకి పంపుతూనే ఉంది. నాకు ఒక్క కాయ కూడా రాలేదు, రాకూడదు కూడా. పేరయ్యగారు మాత్రం ఆ సంగతి చనిపోయేదాకా ఎత్తలేదు. నేను ముందే చెప్పానుగా అని ఒక్కసారి అనుంటే పోట్లాడి తేలికపడేదాన్ని. ఆ అవకాశమూ ఇవ్వలేదు మహానుభావుడు.

నిన్న కంపెనీ ఆయన తేరుకుని, అలాంటి గడి ఇంతవరకూ ఎవరూ అడగలేదు మేడం, ముందు మొబైల్ నంబరు చెప్పించండి అన్నాడు. నేను స్టూలు లాక్కుని పెద్దాయన ఎదురుగా కూర్చున్నాను. కబురు ఎవరితో చెబితే చేరుతుందని అడిగాను. ఆయన నోరు తెరిచేలోపే అల్లుడు తన నంబరు గడగడా చెప్పేశాడు, కంపెనీ ఆయన టకటకా కొట్టేశాడు. ఎవరి చెవిన పడకూడదని అడిగాను. పెద్దాయన నేలవంక చూశాడు, గోడవంక చూశాడు. మావాళ్ళలో అలాంటివాళ్ళు లేరమ్మా అన్నాడు. నేను ఊరుకున్నాను. కంపెనీ ఆయన గడియారం చూసుకున్నాడు. నేను ఇంకా ఊరుకున్నాను.

“అల్లుడుగారూ,” అన్నాడు పెద్దాయన చివరికి, ఎంతో మర్యాదగా, “బండి ఎండలో ఉన్నట్టుంది. కాస్త నీడకి పెట్టి రండి.”

అల్లుడు బయటికెళ్ళాడు. కంపెనీ ఆయన చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. నేను చెవిమీది పెన్సిలు తీసుకున్నాను.