పెండలం పక్కన అడవినాభి

మా ఆవిడ సంవత్సరీకం అయిన మర్నాడు, బంధువులంతా వెళ్లిపోయాక పెరట్లోకి వెళితే, దడి మీద అడవినాభి పూసి ఉంది. అడుగున పసుపు, పైన ఎరుపు, రేకులన్నీ పైకి విరుచుకుని ఉండే ఆ పువ్వును మన తరం వాళ్లం కాలవగట్ల మీదా, సముద్రం వైపు ఇసకదిబ్బల మీదా చూసే ఉంటాం. ఇంట్లో పెంచుకోవాలని మాత్రం ఎవరికీ తోచేది కాదు.

పెళ్లయిన కొత్తలో, రాజోలు అవతల ఉన్న పుట్టింటి నుంచి ఆవిడ దాని దుంపను పాతగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. ఆ దుంప తింటే మనిషి దక్కడని ఎరిగిన మా అమ్మ, "సారెలో విషం కూడా పెట్టి పంపేరేంటమ్మాయీ మీవాళ్లు?" అంది.

"ఆయ్, కావిట్లో కాస్త చోటు మిగిలిందండి, అత్తయ్యగారూ," అంది ఆవిడ, వంచిన తల ఎత్తకుండానే.

అమ్మకి నవ్వొచ్చి, దడి వార పాతుకోనిచ్చింది. తను ఏటా పెండలం వేసేదీ అక్కడే.

అడవినాభి తొలకరికి మొలిచి, శ్రావణంలో పూసి, చలి మొదలయ్యేసరికి ఎండిపోతుంది. పెండలం తీగ ఎండేదీ, దుంప తవ్వేదీ కూడా అప్పుడే. ఎండాక ఏ తీగ ఏదో పోల్చుకోవడం కష్టం. ఆ ఏడు అమ్మ తవ్వి తెచ్చిన బుట్ట ముందేసుకుని, పులుసులోకి ముక్కలు తరగడానికి కత్తిపీట దగ్గర కూర్చున్న మా ఆవిడ, నాగలిలా వంగిన అడవినాభి దుంపొకటి చేతికి తగిలి ఆగిపోయింది. అప్పటికి మా పెద్దవాడు ఆవిడ కడుపులో ఉన్నాడు. లేచి, నేలలో మిగిలినవి కూడా తవ్వి పారేద్దామని గునపం తీసుకుంది. నేనూ అదే మంచిదనుకున్నాను.

అమ్మ వెనకాలే వెళ్లి గునపం పట్టుకుంది. "ఆగమ్మాయీ. చూడకుండా తవ్వింది నేను. దాని చోటు దానికుండనీ, పెండలమే నుయ్యవతలికి మార్చుకుందాం. మీ మావయ్యగారికి ఓ పూట పులుసు లేకపోతే కొంపేం మునగదు."

ఆ తరవాత ఇంట్లో ఎవరు నడక నేర్చినా, వాళ్లకి మొదట దడి చూపించి ముట్టుకోకూడదని చెప్పేది అమ్మ. అమ్మ పోయాక ఆ పని మా ఆవిడ చేసేది.

ఇప్పుడు దుంపలూ కూరలూ అన్నీ బజారు నుంచే వస్తున్నాయి. పెండలం వెయ్యడం ఎప్పుడో మానేశాం, నడక నేర్చే పిల్లలూ ఇప్పుడు ఇంట్లో లేరు. పెరట్లో తవ్వింది తినేవాళ్లో, చిన్నపిల్లలో ఉన్న ఇంట్లోనే అలాంటి మొక్కకి భయపడాలి. అడవినాభి ఇక మా పెరట్లో ఎక్కడ మొలిచినా ఎవరికీ ప్రమాదం లేదు.