డ్రమ్ముల అడుగున దూది

“...అంటే నా మగ్గాలే స్లాబును పలగ్గొట్టినయంటవా, వదినే?”

“మరి? పొద్దు లేదు, మాపు లేదు, దడదడ అదిరేది నీ మగ్గాలా, నా గునుగు పూలా?”

పాండురంగ్ మేడమెట్ల మీదే ఆగిపోయాడు. అతని చేతిలో అరచేయంత సిమెంటు పెచ్చు ఉంది. పొద్దున అది కింద కార్ఖానాలో పెంటప్ప నడిపే మగ్గం మీద పడి, టవళ్ల పడుగు తెంపేసింది. అప్పుడే నూలు కండె మార్చి పక్కకు జరిగాడు కాబట్టి పెంటప్ప బతికిపోయాడు. పెంటప్ప పాండురంగ్‌కు అన్న, ఈ వదిన ద్రౌపదికి మొగుడు.

“అన్న నెత్తి మీద పడితే ఏం జెప్తుంటివి?”

“ఆయన నెత్తి సంగతి నాకెక్కువ ఎరుకా, నీకా? మగ్గాల కింద రబ్బరు పట్టీలు ఏయించుమని పోయినేడే మొత్తుకున్నడు. ఏయిస్తివా?”

“రబ్బరు లేకుంటే స్లాబు అదురుతది గని తడుస్తదా? ఇగో, పట్టిచూడు. ఎంత తేమగున్నదో.”

“నల్లా రాక ఎన్నొద్దులాయె! తాగనీకే నీళ్లు లేవు. చెట్లకు ఏడికెల్లి తెచ్చి పోసిన? కాయ్ బోల్‌తోస్ రే, ఏం మాట్లాడుతున్నవ్!”

పాండురంగ్ పెచ్చును పిట్టగోడ మీద పెట్టాడు. “పొద్దుగూకేలోపు నీ చెట్ల డ్రమ్ములు దించు. లేకుంటే మనుషుల్ని పెట్టి నేనే పారేయిస్త. మళ్ల బతుకమ్మ ముంగట ఇట్ల చేసినవని సందంత చెప్పుకుంట తిరగకు.”

అతను దిగిపోయాక ద్రౌపది కొంగు బిగించి మేడంతా ఒకసారి కలియజూసింది. నూలు రంగుల ఖాళీ డ్రమ్ములు సగానికి కోసి, వరసగా పెట్టిన తోట అది. టమాటా, మిరప, ఓ మూల గోంగూర. మిగతాదంతా గునుగే. తెల్లటి కంకులు ఇప్పుడిప్పుడే పొడవు సాగుతున్నాయి.

మోకాళ్లు పట్టేసే దాకా ఆమె కూడా ఆ కార్ఖానాలోనే కండెలు చుట్టింది. ఈ మరాఠీ ఊళ్లో, అశోక్ చౌక్ వెనక సందులో ఆమెను పెంటప్ప పెండ్లాం అనేవాళ్లే తప్ప, పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. ఒకసారి సిరిసిల్లలో పెళ్లికి వెళ్లి, గునుగు విత్తనాలు కొంగున ముడేసుకొచ్చింది. ఆ ఏడాది సందులో బతుకమ్మలు బంతిపూలతో, రంగు కాయితాలతో కాక గునుగుతో లేచాయి. అప్పటినుంచి ఆమె గునుగక్క అయింది. సందులో ఎవరింటి బతుకమ్మకైనా పూలు ఈ మేడ మీది నుంచే దిగాలి. పండగ ఇంకా వారం కూడా లేదు.

నల్లా నాలుగైదు రోజులకోసారి వచ్చే ఊళ్లో తోట నిలబెట్టడానికి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. మగ్గాల కింద ఊడ్చి పారేసే దూదిని ప్రతి డ్రమ్ములో సగం దాకా కూరి, పైన మట్టి పోసింది. ఎండలకు సందులో తులసి చెట్లన్నీ మాడినా ఆమె మొక్కలు తల వాల్చలేదు. అడిగితే, “నా చెయ్యి అసుంటిది” అని నవ్వేది.

పొడిమట్టి తీసుకెళ్లి మరిది మొహాన కొట్టాలని, పెంటప్ప మగ్గానికి నేరుగా పైన ఉన్న డ్రమ్ములో చెయ్యి పెట్టింది. పైమట్టి పొడిగానే రాలింది. ఇంకాస్త లోపలికి తవ్వింది. చల్లగా తగిలింది. నల్లబడిన దూది ఉండ ఒకటి బయటికి లాగి పిండింది.

నీళ్లు మోచేతి దాకా కారాయి.

డ్రమ్మును రెండు చేతులతో నెట్టింది. కదల్లేదు. నడుము ఆనించి తోసింది. కింద స్లాబు నల్లగా తడిసి ఉంది. ఆ తడి మధ్యలో పోగంత సన్నటి పగులు. దాని మీద వేలు పెడితే, మగ్గం దెబ్బ దెబ్బకూ పగులు వణుకుతోంది. మిగతా డ్రమ్ములను విప్పి చూడనక్కర్లేదు. అన్నింట్లో దూది నింపింది తనే.

“గునుగక్కా! గట్ల వంగినవేంది? ఏం దొరికిందే?” పక్క మేడ మీద బట్టలారేస్తూ పుష్ప కేకేసింది.

“ఏంలేదు, పుష్పా. పురుగు.”

“ఈసారి నాకు రెండు కట్టలు ఎక్కువియ్యాలె. మా ఆడబిడ్డ ముంగట ఇజ్జత్ పోవద్దు!”

“ఇస్త తియ్యి.”

ద్రౌపది దూదిని మళ్లీ లోపల కుక్కి, మట్టి కప్పి, అరచేత్తో చదును చేసింది. చూసినవాళ్లెవరూ లేరు. పండగ దాటేదాకా నోరు మూసుకుంటే చాలు. స్లాబు ఇన్నాళ్లు ఆగింది, ఇంకో వారం ఆగదా?

అంతలో పాదాల కింద అదురు ఆగిపోయింది.

పెంటప్ప మగ్గం. మిగతావి దూరంగా కొట్టుకుంటూనే ఉన్నాయి, అదొక్కటే ఆగింది. కేక ఏదైనా వినిపిస్తుందేమోనని ఆమె మోకాళ్ల మీద అట్లాగే ఉండిపోయింది. కండె అయిపోయి ఉంటుంది. మారుస్తున్నాడేమో. మార్చడానికి ఇంతసేపా?

మగ్గం మళ్లీ దడదడమంది.

ఆమె పిట్టగోడ పట్టుకుని లేచింది. ఒక్కో మెట్టూ కూర్చుని దిగే మనిషి, కమ్మీ పట్టుకుని గబగబా దిగింది.

కార్ఖానాలో ఎవరి మాట ఎవరికీ వినపడదు. తన మగ్గం మీద ప్లాస్టిక్ పట్టా కట్టుకుని, దాని కింద పెంటప్ప వంగి పోగులు చూసుకుంటున్నాడు. భార్యను చూసి, ఏందని గడ్డం ఎగరేశాడు. ఆమె గోడ దగ్గరికి వెళ్లి మెయిన్ స్విచ్ దించేసింది. మగ్గాలన్నీ ఆగాయి. అవతలి గది నుంచి పాండురంగ్ పరిగెత్తుకొచ్చాడు.

“ఏందిది వదినే! అర్జెంట్ ఆర్డరున్నది!”

ద్రౌపది తడి చేతిని కొంగుకు తుడుచుకుంది.

“డ్రమ్ములల్ల దూది నేనే నింపిన. అది నీళ్లు పట్టే స్లాబు తడిసింది. ఇయ్యాల్నే అన్నీ దించుత. స్లాబు బాగు చేయించి, రబ్బరు పట్టీలు ఏసేదాక మా ఆయన ఈ మగ్గం కాడ నిలవడడు.”