గెడ్డ దాటించే చెయ్యి

జారవని చెప్పి అమ్మే చెప్పులే ఎందుకో ఎక్కువ జారతాయి. పాడేరులో నేను కొన్నవన్నీ అంతే.

మా ఆవిడ అమ్మమ్మకు నా మీద ఒక అభిప్రాయం ఏర్పడింది ఆ చెప్పుల వల్లే. ముంచింగిపుట్టు అవతల వాళ్ల ఊరికి వెళ్లాలంటే మోకాలి లోతు గెడ్డ, అంటే వాగు, దాటాలి. పెళ్లయిన కొత్తలో అందులో పడ్డాను. అప్పట్నుంచి నేనెప్పుడు వెళ్లినా అమ్మమ్మ గట్టు మీద సిద్ధంగా ఉండేది. ముందు తన పాదంతో అడుగు తడిమి, "నేలుంది, రా బాబూ" అంటూ నా మణికట్టు పట్టుకుని దాటించేది. సంతకెళ్లే జనం ఆగి మరీ చూసేవారు. డిగ్రీ చదివిన మనిషికి అది కాస్త ఇబ్బందే.

నీళ్లంటే నాకు భయం లేదని చూపించి ఆ చెయ్యి ఎలాగైనా విడిపించుకోవాలని, అండమాన్ వెళ్లినప్పుడు అమ్మమ్మనీ తీసుకెళ్లాను. విమానం మెట్టును కూడా పాదంతో తడిమాకే ఎక్కింది.

అక్కడ ఆవిడ కళ్లముందే స్కూబా డైవింగుకి దిగాను. పగడపు దిబ్బలు ఇంకా ముందున్నాయి. ఒడ్డు దగ్గరే నీళ్లలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి, గొట్టంతో గాలి పీల్చడం నేర్పుతున్నారు. కళ్లద్దంలోకి నాలుగు చుక్కలు నీళ్లొచ్చాయి. నేను మర్యాదగానే భయపడ్డాను. అంటే, గొట్టం ఊడబీకి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ, బీచంతా వినపడేలా మా ఆవిడను పిలిచాను. తను వీడియో తీస్తోంది.

నేర్పే అతను అందుకునేలోపే ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. చూస్తే అమ్మమ్మ. చీరతోనే నడిచొచ్చేసింది. నీళ్లు ఆవిడ నడుము దాకా ఉన్నాయి.

"ఏటి బాబూ ఆ కేకలు? నేలుంది, నిలబడు."