పెద్ద కత్తెర కళ్ళు మూసుకున్న రోజు

ఆ వీధిలో ఆయన్ని అందరూ పెద్ద కత్తెర అనేవారు. రోడ్డుకి అవతల చిన్న కత్తెర ఉన్నాడు కాబట్టి ఈయన పెద్ద కత్తెర అయ్యాడు. ఇద్దరివీ సెలూన్లే. ఇద్దరూ ఒక తండ్రి బిడ్డలే, ఒకే కుర్చీ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే.

పెద్ద కత్తెరకి ఒక అలవాటు. కుర్చీలో కూర్చున్నవాడి తల మీద ఎడమచెయ్యి పెడితే చాలు, లోపల్లోపల ప్రార్థన మొదలయ్యేది. పాస్టరుగారు నలుగురి నెత్తిన చెయ్యి పెట్టేది ఆదివారమే, నాకైతే వారమంతా అదే పని, ఇంత అవకాశం ప్రభువు ఇంకెవరికిచ్చాడు అని భార్యతో మురిసిపోయేవాడు. పోలీసాయన తలకి ఓర్పు అడిగేవాడు. పరీక్షలున్న పిల్లల తలకి జ్ఞాపకశక్తి, బట్టతలవాళ్ళకి ఉన్నదాంతో తృప్తి. ఈ సంగతి బయట ఎవరికీ చెప్పేవాడు కాదు. చెబితే అది భక్తి పోయి గొప్పలు అయిపోతుందని భయం. జనానికి తెలిసిందల్లా ఆయన దగ్గర కూర్చుంటే ఎందుకో హాయిగా కునుకు పడుతుందని.

ఇంత ప్రార్థనాపరుడికీ తమ్ముడికీ మధ్య మాత్రం పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. తండ్రి పోయాక కొన్నాళ్ళు ఇద్దరూ ఒకే షాపులో పనిచేశారు. తమ్ముడు ఊరుకునే రకం కాదు, ఎక్కడెక్కడో తిరిగి కొత్త ఫ్యాషన్లు నేర్చుకొచ్చేవాడు. ఒకరోజు షాపు నిండా జనం ఉండగా తమ్ముడు చేసిన క్రాఫు చూసి, ఇది క్రాఫా, మేక మేసిన చేనా అన్నాడు పెద్దాయన. అందరూ పగలబడి నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. చేతిలో పని పూర్తిచేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి రోడ్డుకి అవతల కొత్త బోర్డు లేచింది.

అప్పట్నుంచి మాటల్లేవు. వెళ్ళేది ఒకే గుడికి. ఈయన కుడివైపు ముందు బెంచీ, తమ్ముడు ఎడమవైపు చివరి బెంచీ. ఆరాధన అయ్యాక అందరూ ఒకరికొకరు వందనాలు చెప్పుకునే వేళ వీళ్ళిద్దరూ గుడంతా చుట్టొచ్చేవారు. ఎదురుపడకుండా చుట్టడంలో ఇద్దరూ ఆరితేరిపోయారు.

పెద్ద కత్తెర భార్య నోరు ఊరుకునేది కాదు.

"వీధిలో తలకాయలన్నిటికీ ప్రార్థన చేస్తారు. మా మరిది తలకాయ ఏం పాపం చేసింది?"

"పొరుగువాణ్ణి ప్రేమించమన్నారు. ఎదురువాణ్ణని ఎక్కడైనా ఉందా?" అని ఆయన తప్పించుకునేవాడు.

నవ్వుకి అలా అనేవాడు గానీ, లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది. పడుకునే ముందు అందరి కోసం ప్రార్థించి, తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి ప్రభువుతో మాట మార్చేసేవాడు. మాట తూలింది తను. వెళ్ళి అడగాల్సిందీ తనే. ఆ సంగతి తెలిసినకొద్దీ రోడ్డు ఇంకా వెడల్పవుతున్నట్టు ఉండేది. ఇలాగే ఇద్దరం ముసలివాళ్ళమైపోతామా, వాడి శవపేటిక ముందో నా శవపేటిక ముందో నిలబడి అప్పుడు చెప్పుకుంటామా అని బెంగపడేవాడు.

ఒక మధ్యాహ్నం ఒక పెళ్ళికొడుకు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మర్నాడే గుడిలో పెళ్ళి. ఒత్తయిన జుట్టు, చూడముచ్చటైన పిల్లవాడు. చెవుల దగ్గర మెషిన్‌తో సన్నగా చేసి పైన అలాగే ఉంచమన్నాడు. సంతోషం పట్టలేక కబుర్లు మొదలుపెట్టాడు.

"సూటు మా అన్నయ్యే ఇస్త్రీ చేస్తున్నాడండీ. ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదు. రేపు నా పక్కన నిలబడేది కూడా తనే."

పెద్ద కత్తెర మెషిన్ ఆన్ చేసి తల మీద చెయ్యి పెట్టాడు. ప్రభువా, ఈ అబ్బాయి కాపురం చల్లగా చూడు, ఈ అన్నదమ్ముల్ని ఎప్పటికీ ఇలాగే ఉంచు అన్నాడు. అక్కడితో ఆగాల్సింది. కానీ అన్నదమ్ములు అన్న మాట రాగానే తమ్ముడు కళ్ళముందుకొచ్చేశాడు. చిన్నప్పుడు స్టూలెక్కి నాన్న గెడ్డానికి నురగ పూసి, ఆయన ముక్కుకి కూడా పూసి నవ్వే తమ్ముడు. ప్రభువా, నా తమ్ముడు, అన్నాడు. ఈసారి మాట మార్చలేదు. మనసారా ప్రార్థిస్తే కళ్ళు మూసుకోవడం పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు. మూసుకున్నాయి. అందరిలాగే పెళ్ళికొడుక్కీ అప్పటికే కునుకు పట్టేసింది. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి, పెళ్ళికొడుకు చెవి పైనుంచి నడినెత్తి దాకా తిన్నగా ఒక బాట పడి ఉంది.

పెళ్ళికొడుకు మెలకువొచ్చి అద్దంలో చూసుకుని, పాపం, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. గుండు చేయడం తప్ప పెద్దాయనకి వేరే దారి తోచలేదు. పొట్టిగా కత్తిరించి, పక్కలు కలిపి, కావాలనే చేయించుకున్నట్టు దిద్దగలవాడు ఆ వీధిలో ఒక్కడే. వెళితే తన పరువు, వెళ్ళకపోతే పిల్లవాడి పెళ్ళి. అడకత్తెరలో పోకచెక్కయ్యాడు.

ఎక్కువసేపు ఆలోచించకపోవడమే ఆయన ఆ రోజు చేసిన తెలివైన పని. చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు దాటాడు.

ఆయన గుమ్మంలో నిలబడగానే చిన్న కత్తెర షాపులో కబుర్లు ఆగిపోయాయి.

"ఒకరి తల పాడుచేశాను తమ్ముడూ. బాగుచెయ్యడం నాకు రాదు, నీకొచ్చు" అన్నాడు. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలని తోచి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ అన్నాడు. "ఆ రోజు నీ క్రాఫు బాగుంది. నాకు అంత బాగా రాదని కడుపుమండి అన్నాను."

తమ్ముడు కుర్చీలో సగం గీసిన గెడ్డంతో ఉన్న మనిషికి ఇప్పుడే వస్తానని చెప్పి కత్తెర తీసుకుని అన్న వెనకే నడిచాడు. ఇంత వింత వదులుకోవడం ఇష్టంలేక, సగం గెడ్డం మనిషి కూడా నురగతోనే వచ్చేశాడు. ఆయన వెనక మిగతావాళ్ళు.

చిన్న కత్తెర చెయ్యి అంటే చెయ్యే. చూస్తుండగానే బాట మాయమైంది. పెళ్ళికొడుకు తల అటూ ఇటూ తిప్పుకుని, నేను అడిగినదానికంటే ఇదే బాగుందని ఒప్పుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎక్కువ మురిసిపోయింది పెద్ద కత్తెరే.

తమ్ముడు కత్తెర తుడుస్తూ అడిగాడు. "ఇన్నేళ్ళ చెయ్యి నీది. ఎలా జారింది అన్నయ్యా?"

"ప్రార్థన చేస్తున్నానురా. కళ్ళు మూసుకుపోయాయి."

షాపంతా గొల్లుమంది. తమ్ముడూ నవ్వాడు. "చేతిలో మెషిన్ ఉందని కూడా మర్చిపోయేంత ప్రార్థన ఎవరి కోసం?"

"నీ కోసమే."

నవ్వులు ఆగిపోయాయి. తమ్ముడు పెళ్ళికొడుకు లేచిన కుర్చీలో తను కూర్చుని, చొక్కా పై గుండీ విప్పి తల వంచాడు. ఎంత పనిమంతుడైనా తన మెడ వెనక తను కత్తిరించుకోలేడు కదా. ఇన్నేళ్ళూ బస్సెక్కి ఎక్కడో చేయించుకున్నట్టున్నాడు, అక్కడ ఒకటే గజిబిజి.

"నువ్వే సరిచెయ్యి అన్నయ్యా" అన్నాడు.

పెద్ద కత్తెర ఆ తల మీద చెయ్యి పెట్టాడు. ప్రభువుని ఏమడగాలో ఎంత వెతికినా తోచలేదు. స్తోత్రం ప్రభువా, అన్నాడు. అందరికీ వినబడేలా, పైకే అన్నాడు.