కుండీలో చారల గడ్డి

నాకు కోపం ఎక్కువ. అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ కోపమంతా ఆమె మీదే చూపించాను. ఇప్పుడు చూపించుకోవడానికి నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే ఇది రాస్తున్నాను, ఎవరో చదివి అయ్యో పాపం అనాలని కాదు.

మాది కర్ణాటకలో పావగడ దగ్గర బలసముద్రం. సోలార్ పార్కు వచ్చినప్పుడు మా చేను కూడా అందులోకి పోయింది. శనక్కాయ పండిన నేల మీద ఇప్పుడు నల్ల పలకలు వరసగా ఎండకు తల ఎత్తుకుని ఉంటాయి. మేపడానికి బీడు లేక గొర్రెలను అమ్మేశాం. అమ్మ ఒక్క మేకను మాత్రం ఉంచుకుంది. అది కూడా లేకపోతే పొద్దున్నే లేచి ఎవరిని తిట్టాలి అనేది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో ఉండేది అమ్మ, నేను, ఆ మేక.

నేను పావగడలో డిగ్రీ చదివాను. చదివి, పార్కులో ఒక ఆఫీసులో గదులు తుడిచి టీ పెట్టే పనికి కుదిరాను. ఊళ్లో ఎవరైనా ఏం పని అని అడిగితే "ఆఫీసులో" అని చెప్పి, రెండో ప్రశ్న రాకముందే నడిచిపోయేదాన్ని.

మా వంటిల్లు ఇంటి వెనక చిన్న గది. పైన రేకులు, ఒక మూల పొయ్యి, ఎదురు గోడకు మూరెడు కిటికీ, దానికి మూడు ఇనుప కడ్డీలు. గ్యాసు ఉంది గానీ అది టీకి, పాలకే. సంగటి మాత్రం కట్టెల పొయ్యి మీదే కెలకాలి, లేకపోతే అమ్మకు ముద్ద దిగదు. ఒకప్పుడు కంది కట్టె, తుమ్మ కట్టె ఉండేవి. చేను పోయాక కట్టె ఎక్కడిది? పలకలు వచ్చే పెట్టెల చెక్క పారేసి ఉంటే ఊరంతా ఏరి తెచ్చుకునేది. నేనూ పని నుంచి వస్తూ నెత్తిన మోపు పెట్టుకుని తెచ్చేదాన్ని, ఏదో సాధించినట్టు. బంకతో అతికించిన చెక్క అది. మండితే పచ్చిమిరపకాయ వేయించినంత ఘాటు.

అమ్మకు దగ్గు ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా తెలియదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ తెలియదు. సంగటి కెలుకుతూ కెలుకుతూ తెడ్డు వదిలేసి గోడ పట్టుకునే దాకా వచ్చాకే గమనించాను.

మా ఆఫీసు వంటగదిలో గోడంత కిటికీ ముందు మూడు కుండీలు ఉండేవి. గడ్డిలా పొడుగు ఆకులు, ఆకు మధ్యలో తెల్ల చార. వాటికి నీళ్లు పోయడం, ఆకులు తుడవడం నా పనే. వంటగదిలో మొక్కలెందుకని ఒకరోజు అక్కడి ఇంజనీరును అడిగాను. ఇవి గాలిని బాగుచేస్తాయట, కిటికీ తెరిచి దాని దగ్గర పెట్టుకుంటే మంచిది, కావాలంటే ఒక పిలక తీసుకుపో అని కన్నడలో చెప్పాడు. తెరిచిన కిటికీ మాట కూడా ఆయన చెప్పాడు. నేను విన్నాను. కానీ నా మనసు మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. మధ్యాహ్నం ఫోనులో వీడియోలు చూస్తే అవీ అదే పాట. అమ్మ దగ్గుకు మందు దొరికిందనుకున్నాను.

పిలక తెచ్చి పాత పెయింటు డబ్బాలో నాటి, వంటింటి కిటికీలో పెట్టాను. అమ్మ వంగి చూసింది.

"ఏంది పాపా ఇది?"

గాలి శుభ్రం చేసే మొక్క అన్నాను. ఆమె నవ్వింది. నవ్వి నవ్వి దగ్గింది. "గొర్రెలమ్ముకున్న కొంపలో గడ్డి తెచ్చి డబ్బాలో పెట్టినావే" అంది.

నేను ఒంటికాలి మీద లేచాను. నీకేం తెలుసు, పలక పట్టని మొహం, నీ మంచికి తెచ్చినా నీకు ఎగతాళే అని నోటికొచ్చినట్టు మాట్లాడాను. అమ్మ నవ్వు ఆపేసింది. "సరేలే, నువ్వు సదువుకున్నదానివి" అంది. వెటకారంగా అని ఉంటే ఈరోజు నాకు ఇంత బరువు ఉండేది కాదు. ఆమె నిజంగానే అంది. నా చదువును నాకంటే ఎక్కువ నమ్మిన మనిషి.

నాలుగు రోజులకు మేక కడ్డీల మధ్య మూతి పెట్టి మొక్కను మొదలంటా తినేసింది. దాని తప్పేముంది, గడ్డి కనబడింది, తినింది. నేను మాత్రం చెప్పు విసిరాను. ఆఫీసు నుంచి ఇంకో పిలక తెచ్చాను. ఈసారి మేకకు అందకూడదని పెట్టె చెక్క ఒకటి తీసుకుని కిటికీకి అడ్డంగా పెట్టి, నాలుగు వైపులా మేకులు కొట్టేశాను. మేకులు ఒక్కొక్కటీ అందించింది అమ్మే.

నా తెలివి తెల్లారినట్టే ఉంది కదా. పొగ బయటికి పోయే దారి ఒక్కటే ఉంటే అది మూసి, గాలిని బాగుచేసే మొక్కను లోపల పెట్టాను. ఇంత చిన్న సంగతి నాకు ఒక్కరోజు కూడా తట్టలేదు. పైగా అమ్మకు పొద్దునా సాయంత్రమూ ఒక పని చెప్పాను. మొక్క ముందు పీట వేసుకుని కూర్చుని బాగా ఊపిరి పీల్చమన్నాను. ఆమె మాత్రలు వేసుకున్నంత నియమంగా కూర్చుని పీల్చింది. ఆ పొగలో, ఆ మూసిన గదిలో. ఎట్లా ఉందని అడిగితే కొంచెం నయం అనేది. నాకోసం అనేది.

మొక్క మాత్రం చీకట్లో పాలిపోయింది. దానికి వెలుతురు చాలదని నాకు వెంటనే తట్టింది. మొక్క సంగతి కాబట్టి తట్టింది. రోజూ పొద్దున్నే రెండు చేతులా డబ్బా ఎత్తుకుని, పొయ్యి ఊదుతున్న అమ్మను దాటుకుని, బయట ప్రహరీ గోడ మీద పెట్టేదాన్ని. "కొంచెం జరుగు మా, డబ్బా తగులుతాది" అనేదాన్ని. ఆమె ఒక పక్కకు ఒదిగేది. గోడ మీద పెట్టి తడిగుడ్డతో ఆకులు తుడిస్తే గుడ్డ నల్లగా అయ్యేది. మొక్క ఎంత బాగా పని చేస్తోందో అని మురిసిపోయేదాన్ని. ఆ నలుపే అమ్మ లోపలా పేరుకుంటోందని అనుకోలేదు.

ఒకరోజు డబ్బా ఎత్తుకుని పోతుంటే అమ్మ వెనక నుంచి అంది: "దానికేంప్పా, దినామూ గాలికి పోతాది."

"పోకపోతే అది చచ్చిపోతాది మా" అన్నాను నేను, విసుక్కుంటూ.

ఎండలు ముదిరేసరికి అమ్మ కొళాయి దాకా కూడా నడవలేకపోయింది. పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగాయి. పావగడ ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. వంట దేని మీద అని కన్నడలో అడిగాడు. కట్టెల మీద అన్నాను. వంటింటికి కిటికీ ఉందా, తెరిచి పెడతారా అని అడిగాడు.

ఆ క్షణంలో అంతా ఒక్కసారే అర్థమైంది. మేకులు, చెక్క, పీట, అన్నీ.

అమ్మే జవాబు చెప్పింది. ఆమెకు కన్నడం బాగానే వచ్చు, అయినా ఎందుకో తెలుగులోనే చెప్పింది. "ఉండాది సార్. నా బిడ్డ దినామూ తెరిసే పెడతాది."

ఆయన ఏదో రాసుకున్నాడు. ఊపిరితిత్తులు చాలావరకు పాడయ్యాయని, ఇది ఏళ్ల తరబడి తిన్న పొగ అని, ఇక పొయ్యి దగ్గరికి పోనే కూడదని చెప్పి, పీల్చే మందు రాసిచ్చాడు. ఏళ్ల తరబడి అన్న మాటను నేను గట్టిగా పట్టుకోవాలని చూశాను. ఇప్పటికీ చూస్తుంటాను. అది నిలవదు. ఆ ఏళ్లన్నిటిలో కిటికీ తెరిచే ఉంది. మూసింది ఒక్క సంవత్సరమే, మూసింది నేనే.

తిరిగి వస్తూ బస్సులో ఎందుకట్లా చెప్పావని అడిగాను. ఆమె నా భుజం మీద తల వాల్చింది. "ఆయప్ప ముందర నిన్ను తక్కువ చేసేదా?" అంది.

ఇంటికొచ్చి గడ్డపారతో చెక్క పీకేశాను. గాలి ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చి, రేకులకు పట్టిన మసి అంతా నా తల మీద రాలింది. నేను ఏడుస్తుంటే అమ్మ మంచం మీద నుంచి మేక తింటాది చూడు అని హెచ్చరించింది. మొక్కను పెంటలో పారేస్తానన్నాను. వద్దంది. అది ఏం చేసింది, దాని పాటికి అది బతుకుతోంది, ఉండనీ అంది. మేకకు అందకుండా డబ్బాను వంటింటి మూలలో పెట్టి, రోజూ పొద్దున్నే గోడ మీదికి మోస్తూనే వచ్చాను.

పొయ్యి ఆర్పేశాం. గ్యాసు మీద నేను సంగటి కెలుకుతుంటే ఆమె వంటింటి గడప దగ్గర పీట వేసుకుని చూస్తూ కూర్చునేది. రెండు ముద్దలు కూడా తినలేక బాగుండాది పాపా అని అబద్ధం చెప్పేది. ఆషాఢం గాలి ఊరంతా దుమ్ము రేపుతున్న ఒక మధ్యాహ్నం పోయింది. అంత గాలిలో కూడా ఆమెకు ఒక్క గుక్క గాలి దొరకలేదు.

మూడో రోజుకు వచ్చిన బంధువులు ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే లేచాను. చెయ్యి దానంతటదే మూలకు పోయి డబ్బాను ఎత్తుకుంది. గడప దగ్గరికి వచ్చేసరికి, పీట ఉండే చోట, నేను ఒక పక్కకు ఒరిగాను. ఏడాది పొడుగునా అలవాటైన మాట నోట్లోంచి వచ్చేసింది.

"కొంచెం జరుగు మా, డబ్బా తగులుతాది."